రెండు తెరల మధ్య

ఎండువంతెన మీద, శనివారాల్లో,
సమోవార్ల పక్కన, తుప్పు పట్టిన పతకాల పక్కన,
ఎవరివో తెలియని పెళ్ళి ఫొటోల పక్కన
ఎల్గుజా దుప్పటి పరిచి వెలుగు అమ్ముతాడు.

నా దగ్గర నాలుగొందల లారి ఉంది,
చలికాలమంతా పాస్‌పోర్టు ఫొటోలు తీసి దాచింది.
"అన్నిటికన్నా పెద్దది చూపించు" అన్నాను.
ఆరువందల జౌల్స్‌ది. ఎత్తుకుంటే చంటిపిల్లంత బరువు.

"గది ఎంత?"
అటు నాలుగు మీటర్లు, ఇటు మూడు.
తెల్ల గోడలు. నిలబడి చెయ్యెత్తితే పైకప్పు.

పెద్దదాన్ని నా చేతుల్లోంచి తీసి
మళ్ళీ దుప్పటి మీద పడుకోబెట్టాడు.
"ఎంత గట్టిగా అరుస్తుందని కాదు పిల్లా,
ఎంత మెల్లగా మాట్లాడుతుందని అడగాలి.
ఆ గదిలో నీకు రోజూ కావలసింది గుసగుస."

చిన్నది చూపించాడు, రెండువందలది. అంచున సొట్ట.
వరుసగా పదిసార్లు మెరిపించి
ప్రతిసారీ గడియారం చూశాడు.
మళ్ళీ ఊపిరి పీల్చుకోడానికి దానికి సెకనున్నర.
మధ్యలో పసుపు బల్బు,
నీడ ఎక్కడ పడబోతోందో ముందే చెప్పేది.
"అది లేనిదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకు."

ఇరవై తగ్గించాడు. సింక్ తీగ ఒకటి చుట్టి జేబులో పెట్టాడు.
పేరడిగాడు. మ్జియా అన్నాను.
"పేరులో సూర్యుణ్ణి పెట్టుకుని దీపం కొనుక్కుంటున్నావా?"
మంచు పడుతున్న కుర నది వైపు తిరిగి
అప్పుడు నవ్వాడు.

ఆదివారం నోదార్‌ని పిలిచాను.
మా వీధి చివర రొట్టెలు కాలుస్తాడు.
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
పిండిని లోపలి గోడకు కొట్టి కొట్టి
ముప్ఫై ఏళ్ళుగా ముంజేతుల మీద ఒక్క వెంట్రుకా మొలవలేదు.
కుర్చీలో కూర్చుని ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు,
ఎవరో తమ సామాను కాసేపు చూస్తుండమన్నట్టు.

వేగం పెంచితే బొమ్మ పదునెక్కుతుందనుకున్నాను.
సెకనులో మూడువందల ఇరవయ్యో వంతు.
మెరిసింది. కెమెరా వెనక చూశాను.
ముఖం ఉంది. గడ్డం ఉంది.
చొక్కా మూడో గుండీ దాకా ఉంది.
ఆ కింద నలుపు, రంపంతో కోసినట్టు.
చేతులు లేవు.

మళ్ళీ తీశాను. లేవు.
దీపం జరిపి తీశాను. లేవు.
నోదార్ తొంగి చూసి
"పొయ్యిలోనే మర్చిపోయానేమో" అన్నాడు.

ఎల్గుజాకి ఫోన్ చేశాను. వాడు ఏదో నములుతున్నాడు.
"లోపల ఉన్నది ఒక తలుపు కాదు, రెండు తెరలు.
మొదటిది జారి దారి ఇస్తుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది.
నువ్వు తొందరపెట్టావు.
మొదటిది గట్టెక్కకముందే రెండోది బయల్దేరింది.
నీ మెరుపు సగం దాని వీపు మీద పడింది.
కిటికీ మొత్తం తెరిచి ఉండే క్షణం ఒకటుంటుంది,
అప్పుడు కొట్టు. రెండువందలు దాటకు."

"మరి కదిలితే చెదరదూ?"

"కదలికను ఆపేది తెర కాదు, మెరుపు.
అది రెప్ప సగం వాలేలోపే వచ్చి పోతుంది.
నీ కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు ఎంత కావాలో
తెర తేలుస్తుంది. దాని పెత్తనం అంతవరకే."

నూట అరవైకి దించాను.
వచ్చాయి.
గోళ్ళ కింద పిండి. బొటనవేలి మొదట్లో
నెలవంకలాంటి కాలిన మచ్చ.
ఏమీ చేయకుండా ఉండటం రాని పది వేళ్ళు.

చాలాసేపు చూశాడు.
తర్వాత వెనక్కి, వెనక్కి నొక్కమని
ఆ మొదటి దాని దగ్గర ఆగాడు.
"ఇది ఇవ్వు" అన్నాడు.
"తప్పు వచ్చింది నోదార్, సగం చీకటి."
"వారానికి ఒక్కరోజు నాకు సెలవు.
ఇవాళ్టి ఫొటో ఇదే."

రెండూ అచ్చు వేసిచ్చాను.
చేతులున్నది కొట్లో, చిల్లర డబ్బా పైన వేలాడుతోంది.
రెండోది ఎక్కడ పెట్టుకున్నాడో
నేను అడగలేదు.